సర్టిఫికెట్ లేని గడ్డి

నా భార్య నాటిన గడ్డికి సర్టిఫికెట్ లేదని కాలేజీవాళ్ళు దాన్ని పీకెయ్యమన్నారు. పీకమన్నది నన్నే. కాగితం మీద రాసి, నంబరు వేసి, ముద్ర కొట్టి ఇచ్చారు. తప్పు వాళ్ళది. ఇందులో వాదించడానికేమీ లేదు. ఎలా జరిగిందో మాత్రం చెబుతాను.

శ్రీ పెద్దయ్య స్మారక డిగ్రీ కళాశాలలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు గ్రౌండు చూసుకున్నాను. సున్నంతో గీతలు గీయడం, గోలుకు వల కట్టడం, ఆటకు ముందు రాళ్ళు ఏరడం నా పని. అందులో ఎక్కువ భాగం రాళ్ళు ఏరడమే. మాది ఎర్రనేల. వాన రాదు. వచ్చినా నిలవదు. నేను ఏరిన రాళ్ళతో కాలేజీకి ప్రహరీ గోడ కట్టారు. మర్నాడు పొద్దున చూస్తే గ్రౌండులో మళ్ళీ అన్నే రాళ్ళు. గడ్డి మాత్రం పోచ కూడా ఉండేది కాదు.

అయినా మా పిల్లలు ఫుట్‌బాల్ బాగా ఆడేవారు. పడితే తోలు లేచిపోతుంది కాబట్టి పడకుండా ఆడడం నేర్చుకున్నారు. అది కుదరనిది గోల్‌కీపర్‌ ఒక్కడికే. పడడమే అతని పని.

ఆ ఏడు గోల్‌కీపర్‌గా ఖలందర్ అనే పిల్లవాడు వచ్చాడు. బి.ఏ. మొదటి సంవత్సరం. తండ్రికి బస్టాండు దగ్గర సైకిల్ షాపు. గ్రౌండు మూలలో ఉన్న గది మాది. గది ముందు కొళాయి. ఆట అయ్యాక ఖలందర్ అక్కడికొచ్చి మోకాళ్ళు కడుక్కునేవాడు. నా భార్య సుంకమ్మ పసుపు తెచ్చి అద్దేది. పసుపు కన్నా తిట్లు ఎక్కువ అద్దేది.

"ఏమబ్బీ, నిన్న మానింది మళ్ళా పగలగొట్టుకోనొస్తివా?"

"బంతి అటుపక్క పోయిందత్తా. నేనూ పోవల్ల గదా."

"పోతే పోనీరా. గోలే గదా. తోలు పోతే వస్తాదా?"

"తోలు వస్తాదత్తా. గోలే వెనక్కి రాదు."

అక్టోబరులో మా జట్టు ఏటిగడ్డ కాలేజీ మీద ఆడడానికి వెళ్ళింది. అది నది పక్క ఊరు. సగం ఆటలో వాన పట్టుకుంది. మావాళ్ళు ఇద్దరు కాళ్ళు బెణికి కూర్చున్నారు. తొమ్మిదిమందే ఆడి ఒక్క గోలుతో గెలిచారు. మర్నాడు ఖలందర్ మా గదికి వచ్చాడు. ఒక కాలికి బూటు ఉంది. రెండో కాలు వట్టిది. రెండో బూటు చేతిలో ఉంది. అందులో అరచేతి వెడల్పున గడ్డిపెళ్ళ, మట్టితో సహా.

"అత్తా, ఆడ గ్రౌండంతా ఇదే. ఆరు తూర్లు పడినా. ఒక్క గీత ల్యా. చూడు." మోకాళ్ళు చూపించాడు. "చెప్తే నమ్మవని తెచ్చినా."

సుంకమ్మ మోకాళ్ళు చూసింది. పెళ్ళను తిరగేసి వేళ్ళు చూసింది. వాసన చూసింది.

"బతికే ఉండాదే ఇది," అంది.

గోలు వెనక కొళాయి నీళ్ళు పారే చోట నాటింది. ఈ నేలలో బతకదని నేనన్నాను.

"ఈ నేలలో నీతో ఇరవై ఎనిమిదేండ్లు నేనే బతికినా. గడ్డికేమొచ్చె?" అంది. మట్టి అదిమి, "గ్రౌండంతా పాకల్లని ల్యా. గోలు కాడికొస్తే చాలు. ఈ పిల్లోడు పడేంత జాగా," అంది.

రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు పోసేది. ఆ ఏడు మావాళ్ళు బయట ఊళ్ళలో ఇంకో రెండు చోట్ల గెలిచారు. రెండు చోట్ల నుంచీ ఖలందర్ రెండు పెళ్ళలు తెచ్చాడు. అన్నీ ఒకే చోట నాటింది. ఏది ఏ ఊరిదో ఆమె అడగలేదు. ఉగాది నాటికి మంచమంత అయింది గడ్డి. ఉగాది అయిన వారానికి ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజు పోయింది.

ఆ తర్వాత నీళ్ళు నేను పోశాను.

జూన్‌లో కాలేజీకి ఒక ఫారం వచ్చింది. ఐదేళ్ళకోసారి కాలేజీలకు గ్రేడు ఇచ్చే బృందం మరుసటి ఏడు మా దగ్గరికి వస్తుంది. ఫారంలో యాభై ఏడో ప్రశ్న ఇది: 'మీ సంస్థకు మాత్రమే ప్రత్యేకమైన సంప్రదాయాన్ని ఆధారాలతో వివరించండి.' అధ్యాపకులు రెండు రోజులు మీటింగు పెట్టారు. మొక్కలు నాటడం అన్ని కాలేజీల్లో ఉంది. ముగ్గుల పోటీ అన్ని కాలేజీల్లో ఉంది. మొదటి గంట ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలవడం మా ప్రత్యేకత అని ఎవరో అన్నారట. అది కూడా అన్ని కాలేజీల్లో ఉందని తేలింది.

మూడో రోజు ప్రిన్సిపాల్ చిదంబరరావు గారు గ్రౌండు వైపు నడిచి వచ్చారు. ఆయన గ్రౌండుకు రావడం నేను చూసిన మొదటిసారి. వెనక పీడీ ఎలీషా సారు ఉన్నారు. ఆటలు నేర్పేది ఆయనే. ప్రిన్సిపాల్ గడ్డి దగ్గర ఆగారు.

"ఏమిటిది తిప్పన్నా?"

"గడ్డి సార్."

"అది దృశ్యమానమే. దీని ఉనికికి హేతువేమిటి?"

నాకు అర్థం కాలేదు. ఎలీషా సారు చెప్పారు. "పిల్లలు బయట గెలిచిన గ్రౌండ్ల నుంచి తెచ్చినారు సార్. ఈయన భార్య నాటింది."

ప్రిన్సిపాల్ చాలాసేపు గడ్డిని చూశారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎలీషా గారూ, ఇదే మన సంప్రదాయం."

"ఏది సార్?"

"పరాయి గడ్డపై కష్టించి సాధించిన విజయాలకు ప్రతీకగా ఆ గడ్డ మృత్తికను తెచ్చి మాతృసంస్థలో ప్రతిష్ఠించుట. ఎప్పటి నుంచి ఉన్నది?"

"పోయిన అక్టోబరు నుంచి సార్."

"అనాదిగా అని రాయండి."

వారంలో 'విజయ మృత్తికా సంరక్షణ సంఘం' ఏర్పడింది. ప్రిన్సిపాల్ అధ్యక్షులు. బోటనీ లెక్చరర్ ఉమాపతి గారు కార్యదర్శి. ఎలీషా సారు సభ్యుడు. సంఘం పదకొండు నియమాలు రాసింది. ఒక్కో విజయానికి మూడడుగుల చదరం. చుట్టూ ఇనుప కంచె. తల దగ్గర నల్లరాయి. రాయి మీద ఊరి పేరు, తేదీ, గోల్స్ సంఖ్య. నీళ్ళు శుక్రవారం మాత్రమే పోయాలి. ఇత్తడి చెంబుతో, సంఘ సభ్యుడొకరు.

మొదటి పని, సుంకమ్మ గడ్డిని విడదీయడం. ఉమాపతి గారు భూతద్దం తెచ్చుకుని గడ్డి ముందు రెండు గంటలు కూర్చున్నారు.

"మూడు సంస్థల మృత్తికలు కలిసిపోయాయి. ఇందులో ఏటిగడ్డ ఎంత, తక్కినవి ఎంత అని చెప్పలేము. ఎవరు కలిపారు?"

"నా భార్య సార్."

"ఆమెను పిలు."

"చచ్చిపోయింది సార్."

ఆయన పుస్తకంలో 'మూలం నిర్ధారణ కాలేదు, సాక్షి అందుబాటులో లేదు' అని రాసుకున్నారు. ఆ విధంగా సంప్రదాయానికి మొదలైన గడ్డి సంప్రదాయంలో చేరలేదు. విజయాలను కొత్తగా మొదటి నుంచి లెక్కపెట్టడానికి తీర్మానించారు.

విజయాలు మూలన ఉండరాదని ప్రిన్సిపాల్ అన్నారు. మొదటి చదరానికి గ్రౌండు నట్టనడుమ కొలత పెట్టమన్నారు.

"సార్, అది సెంటరు," అన్నారు ఎలీషా సారు. "ఆట మొదలుపెట్టేటప్పుడు బంతి పెట్టేది ఆడనే."

"బంతిని కాస్త పక్కన పెట్టుకోండి. బంతి మళ్ళీ జరుగుతుంది గదా. రాయి జరగదు."

సొంత గ్రౌండులో గెలిస్తే రాయి లేదు. నాలుగో నియమం అది. "స్వగృహంలో గెలవడం అలవాటు మాత్రమే," అని ప్రిన్సిపాల్ వివరించారు. రాయి రాని ఆట ఎందుకని సొంత గ్రౌండులో మ్యాచులన్నీ రద్దు చేశారు. మా జట్టు వారానికొక ఊరు తిరగడం మొదలుపెట్టింది. కాలేజీలు అయిపోతే పోలీసులతో ఆడారు. పోలీసులు అయిపోతే సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళతో ఆడారు.

గెలుపు ఒక్కటే సరిపోదు. కష్టపడి గెలవాలి. ఐదో నియమం. జూలైలో మావాళ్ళు కోనాపురంలో ఐదు–సున్నాతో గెలిచి పెళ్ళ తెచ్చారు. సంఘం స్టాఫ్‌రూంలో కూర్చుంది. నేను బెంచీలు సర్దడానికి వెళ్ళి ఉన్నాను. పెళ్ళ బల్ల మీద పళ్ళెంలో ఉంది. ఖలందర్, ఎలీషా సారు నిలబడి ఉన్నారు.

"రక్తం?" అని ఉమాపతి గారు అడిగారు.

"రాల్యా సార్," అన్నాడు ఖలందర్.

"వాన?"

"ఎండ సార్. బాగుండె."

"ప్రేక్షకులు దుర్భాషలాడారా?"

"టీ ఇచ్చినారు సార్. బన్ను గూడా."

ప్రిన్సిపాల్ పళ్ళెం వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "ఎలీషా గారూ, టీ తాగి వచ్చి దీనిని విజయమని ఏ ముఖంతో చెబుతున్నారు?"

"ఐదు గోల్స్ సార్."

"అదే గదా లోపం."

పెళ్ళను కోనాపురం తిప్పి పంపారు. 'తగినంత కష్టం లేనందున వాపసు' అని లెటరు జతచేశారు. ఎలీషా సారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళారు. కోనాపురం కాలేజీవాళ్ళు అందినట్టు సంతకం పెట్టి మళ్ళీ టీ ఇచ్చారు.

ఆ తర్వాత సంఘం 'కష్టసాధ్యతా ధ్రువపత్రం' తయారుచేసింది. నూటికి మార్కులు. వానకు పదిహేను. గాయానికి ఇరవై. తిట్లకు పది. దూరానికి పదిహేను. మొదట వెనకబడి తర్వాత గెలిస్తే నలభై. అరవై వస్తే పాసు.

వాన మన చేతిలో లేదు. వెనకబడడం ఉంది. మరుసటి వారం ఆటలో మొదటి పది నిమిషాల్లో మావాళ్ళు రెండు గోల్స్ ఇచ్చి, తర్వాత మూడు వేసి గెలిచారు. అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. ప్రిన్సిపాల్ జట్టుకు లడ్డూలు పంచారు. మొదటి రాయి పాతారు. ఖలందర్ లడ్డూ తినకుండా మా కొళాయి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళకు ఏమీ కాలేదు.

"ఏమైంది?" అన్నాను.

"బంతి నా చేతుల్లోకే వచ్చె మామా. ఎలీషా సారు గీత కాడ నుంచి సైగ చేసె. వదిలేసినా." చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. "ఈ చేతులతోనే."

కొళాయి తిప్పి నీళ్ళు ఇచ్చాను. సుంకమ్మ ఉంటే ఏదో ఒక తిట్టు తిట్టేది. అది వాడికి సరిపోయేది.

జనవరి నాటికి ఇరవై రెండు రాళ్ళు లేచాయి. సెంటరు నుంచి అవతలి గోలు దాకా గ్రౌండు సగం నిండిపోయింది. ఎదుటి కాలేజీలు కూడా తెలివి తెచ్చుకున్నాయి. మావాళ్ళు వస్తే నాలుగు మూలలా నలుగురు కాపలా పెట్టేవారు. బూటు లేసు కట్టుకోవడానికి వంగినా అరిచేవారు. ఒక చోట బయటికి వచ్చేటప్పుడు బూట్లు విప్పించి దులిపించారు. దులిపిన మట్టిని ఎలీషా సారు రుమాలులో పట్టుకొచ్చారు. అది రాయి నంబరు పందొమ్మిది.

ఫిబ్రవరిలో చిక్కు వచ్చింది. యూనివర్సిటీ ఫైనల్ మ్యాచ్ మా గ్రౌండులో పెట్టాలని ఆర్డరు వచ్చింది. ఫైనల్ గెలిస్తే మా కాలేజీకి మొట్టమొదటి కప్పు. కానీ సొంత గ్రౌండు. రాయి రాదు.

"కప్పు వస్తాది గదా సార్," అన్నారు ఎలీషా సారు.

"కప్పు అందరికీ వస్తుంది. మనం రాసినది రాళ్ళ గురించి," అన్నారు ప్రిన్సిపాల్.

రెండు రోజులు ఆలోచించి ఆయనే దారి కనిపెట్టారు. రోడ్డుకు అవతల పాలిటెక్నిక్ ఉంది. మా గ్రౌండును ఆ ఒక్కరోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పాలిటెక్నిక్‌కు రాసిచ్చారు. అప్పుడది పరాయి గ్రౌండు. అక్కడ మా జట్టు అతిథి.

అతిథులు లోపల ఉండకూడదు. పొద్దున్నే మా జట్టును బస్సెక్కించి గేటు బయటికి పంపారు. దూరానికి మార్కులు రావాలి కాబట్టి బస్సు ఊరి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. ఒక పిల్లవాడికి వాంతి అయింది. అది కూడా రాసుకున్నారు. పదకొండు గంటలకు బస్సు మా గేటు ముందే ఆగింది. పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ దండలు వేసి, "మా మైదానానికి స్వాగతం," అన్నారు. "చక్కటి మైదానం," అని మా ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు.

నా గది గ్రౌండు లోపల ఉంది. పాలిటెక్నిక్ వాచ్‌మన్ నన్ను నా కొళాయి దగ్గర ఆపాడు.

"పాసుందా?"

"ఇది నా ఇల్లప్పా."

"ఆరు దాకా కాదంటనే. పాసు తెచ్చుకోపో."

'అతిథి' అని రాసిన పాసు తెచ్చుకుని మెళ్ళో వేసుకున్నాను. ముప్పై ఏళ్ళు రాళ్ళు ఏరిన చోట అతిథిగా నిలబడి ఫైనల్ చూశాను.

సగం గ్రౌండులోనే ఆట. ఒక గోలు పాతదే, సుంకమ్మ గడ్డి ముందుది. రెండో గోలు సెంటరు గీత మీద, రాళ్ళ వరసకు ఆనుకుని నిలబెట్టారు. రెఫరీ వచ్చి చూశాడు.

"ఏంది సార్ ఇది? ఆటస్థలమా, ఇంకోటా?"

"స్మారక వనం," అన్నారు ఉమాపతి గారు.

"ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు. గెలిచారు."

మొదటి సగంలో ఖలందర్ పాత గోలులో ఉన్నాడు. సైగ వచ్చింది. ఒక గోలు వదిలాడు. రెండో సగంలో రాళ్ళ వైపు గోలుకు మారాడు. మావాళ్ళు రెండు వేశారు. ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టువాళ్ళు గోలుకేసి గట్టిగా కొట్టారు. అప్పుడు సైగ ఏమీ లేదు. ఖలందర్ ఏడు నెలల తర్వాత మనస్ఫూర్తిగా దూకాడు. బంతి ఆగింది. అతను ఆగలేదు. మోకాలు వెళ్ళి రాయి నంబరు ఒకటి అంచుకు తగిలింది.

ఏడు కుట్లు పడ్డాయి. వాన లేకపోయినా ఎనభై నాలుగు మార్కులు వచ్చాయి. అది సంఘం చరిత్రలో రికార్డు.

ఇక పెళ్ళ తియ్యాలి. పరాయి గ్రౌండు నుంచి తియ్యాలి. ఆ పరాయి గ్రౌండులో గడ్డి ఉన్నది ఒక్కచోటే. ఐదూ నలభైకి పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ అనుమతి కాగితం మీద సంతకం చేశారు. ఉమాపతి గారు సుంకమ్మ గడ్డిలో జానెడు ముక్క కోసుకుని పళ్ళెంలో పెట్టుకున్నారు. చప్పట్లు కొట్టారు. నా మెళ్ళో అతిథి పాసు ఉంది. అతిథి అడ్డు చెప్పకూడదు.

దాన్ని ఇరవై మూడో చదరంలో పాతారు. కోసిన చోటుకూ పాతిన చోటుకూ దూరం యాభై గజాలు.

ఎండాకాలం వచ్చింది. నది పక్క గడ్డి, చెరువు కింద గడ్డి, అన్నీ ఇనుప కంచెల్లో రాళ్ళ సెగకు మాడిపోయాయి. వారానికి ఒక చెంబు నీళ్ళు. పరీక్షల టైములో అదీ లేదు. జూన్ నాటికి ఇరవై రెండు చదరాలు ఎర్రమట్టి అయ్యాయి. ఇరవై మూడోది ఒక్కటే పచ్చగా ఉంది. ఏడాదిన్నర గిన్నెల నీళ్ళు తాగి మా నేలకు అలవాటు పడిన గడ్డి అది.

జూన్ పదిహేనున నాకు రెండు ఆర్డర్లు ఒకేసారి వచ్చాయి.

మొదటిది: 'గోలు వెనక మూలం నిర్ధారణ కాని, ధ్రువపత్రం లేని గడ్డి పెరుగుతున్నట్లు సంఘం దృష్టికి వచ్చినది. అది స్మారక మృత్తికలను కలుషితం చేయు ప్రమాదమున్నందున, బృందం రాకకు ముందే సదరు కలుపును వేళ్ళతో సహా తొలగించవలెను.'

రెండోది: 'బృందం రాక నాటికి ఇరవై మూడు స్మారక చదరములు పచ్చగా ఉండవలెను. లేనిచో బాధ్యత నీదే.'

ఇరవై మూడో చదరంలో ఉన్నది అదే గడ్డి. దానికి పాలిటెక్నిక్ కాగితం ఉంది కాబట్టి అది విజయం. మిగిలినదానికి కాగితం లేదు కాబట్టి అది కలుపు.

నేను ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. సుంకమ్మ నాటిందని చెప్పాను. ఉండనివ్వమన్నాను. నేను ఎవరినైనా అడగడం అదే ఆఖరు.

"నీ భావోద్వేగం అర్థం చేసుకోగలను తిప్పన్నా," అన్నారాయన. "కానీ సంప్రదాయం వ్యక్తులకు అతీతమైనది. ఒక్కరికి మినహాయిస్తే ప్రతివాళ్ళూ గడ్డి నాటుతారు."

మా ఊరి బడిలో నేను ఐదో తరగతి దాకా చదివాను. మా అయ్యవారు ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదవమని చెప్పేవాడు. గదికొచ్చి రెండు ఆర్డర్లనూ రెండేసిసార్లు చదివాను. తొలగించమని ఉంది. తొలగించి ఎక్కడ వెయ్యాలో లేదు. పచ్చగా ఉంచమని ఉంది. దేనితోనో లేదు. ఒకదానికొకటి ఎక్కడా అడ్డం రాలేదు.

ఆదివారం పొద్దున్నే చిన్నపార తీసుకుని గడ్డి దగ్గర కూర్చున్నాను. ఖలందర్ కుంటుకుంటూ వచ్చాడు.

"మామా, పీకేస్తాండావా?"

"ఆర్డరు."

"అత్తది గదా అది!"

"ఆర్డరన్నానా? బొక్కెన అందుకో."

వాడి మొహం చూడలేదు. మంచమంత గడ్డిని ఇరవై రెండు ముక్కలు చేశాను. మట్టి రాలకుండా తట్టలో పెట్టుకున్నాను. లేచి మొదటి రాయి దగ్గరికి నడిచాను. వాడు బొక్కెనతో వెనక వచ్చాడు. మాడిన పెళ్ళ తీసి ముక్క పెట్టి అదిమేదాకా వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కంచె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వకు. నీళ్ళు పొయ్యి."

పొద్దున ఆరు నుంచి పది దాకా ఆ పని చేశాం. పట్టపగలు, హాస్టలు కిటికీల ముందు. ఎవరూ అడగలేదు. గ్రౌండు వైపు ఎవరు చూస్తారు?

"ఇది ఏ ఊరు మామా?"

"రాయి మీద ఉండాది చూడు."

"సిమెంటు ఫ్యాక్టరీ." మళ్ళీ నవ్వాడు. "మామా, అత్త ఎప్పుడన్నా ఈ ఊరు దాటి పోయిండెనా?"

"ఒకతూరి తిరునాళ్ళకు పోయింది. ఎండ ఎక్కువని మధ్యలోనే వెనక్కి తిరుక్కున్నాం."

"ఇప్పుడు చూడు. ఇరవై రెండూర్లు."

పార కడుక్కున్నాను.

గోలు వెనక పోచ కూడా మిగల్చలేదు. పద్దెనిమిది రోజులు, రోజుకు రెండుసార్లు నీళ్ళు పోశాను. చెంబుతో కాదు, బొక్కెనతో. తొలకరి చినుకులు కూడా పడ్డాయి. ఇరవై మూడూ పచ్చబడ్డాయి.

జూలైలో బృందం వచ్చింది. ముగ్గురు. ఉమాపతి గారు సన్న బెత్తం పట్టుకుని చదరం చదరం చూపించారు.

"ఇది పోలీసు మైదానపు గడ్డి. గమనించండి, పోచలు నిటారుగా క్రమశిక్షణతో ఉంటాయి. ఇది సిమెంటు ఫ్యాక్టరీది. కాస్త బూడిద ఛాయ. ఇది చెరువు కింది ప్రాంతానిది, స్పర్శకే చల్లగా ఉంటుంది."

ముగ్గురూ వంగి తాకి చూశారు. చల్లగా ఉందన్నారు. అప్పుడే నీళ్ళు పోశాను.

వాళ్ళలో ఒక పెద్దామె కళ్ళజోడు సవరించుకుంది. "అన్నీ ఒకే గడ్డిలా ఉన్నాయే?"

ఖలందర్ గోడ దగ్గర నిలబడి బూటు వైపు చూసుకుంటున్నాడు.

"సామాన్య దృష్టికి అలాగే ఉంటుంది మేడం," అన్నారు ఉమాపతి గారు.

"భిన్నత్వంలో ఏకత్వం," అన్నారు ప్రిన్సిపాల్.

ఆమె రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరేం చేస్తుంటారు?"

"నీళ్ళు పోస్తాను."

"బాగా పోస్తున్నారు," అంది. ఈ వ్యవహారం మొత్తంలో నిజం చెప్పింది ఆమె ఒక్కతే.

బృందం వెళ్ళాక ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. "ఆ అనధికార గడ్డి తొలగించావా?"

"వేళ్ళతో సహా సార్."

"మంచిది. ఫైలు ముగించవచ్చు."

పై గ్రేడు వచ్చింది. బృందం ఒక సలహా కూడా రాసింది. ఇంత అరుదైన మైదానాన్ని ఆటల వల్ల పాడుకాకుండా పరిరక్షించాలి అని. అందువల్ల మా గ్రౌండులో ఫుట్‌బాల్ నిషేధించారు. మిగిలిన సగాన్ని రాబోయే విజయాలకు కేటాయించారు. ఆడుకోవడానికి చోటు లేని జట్టు ఆ ఏడు ఎక్కడా గెలవలేదు. ఎలీషా సారు ఇప్పుడు క్యారమ్స్ నేర్పుతున్నారు. శుక్రవారం చెంబు రెండు వారాలకే ఆగిపోయింది. గ్రేడు మళ్ళీ ఐదేళ్ళకు గదా.

ఆగస్టులో మంచి వానలు పడ్డాయి. మా ఊళ్ళో అంత వాన అరుదు. గడ్డి కంచెల కింది నుంచి బయటికి పాకింది. కంచె దాటిన గడ్డి గురించి పదకొండు నియమాల్లో ఏమీ లేదు. నేను వెతికి చూశాను. ఆ చలికాలమంతా నీళ్ళు పోశాను. బొక్కెనను రోజుకు ఒక అడుగు ముందుకు జరుపుకుంటూ పోశాను. ఎటు వైపు జరపాలో నాకు తెలుసు.

ఏప్రిల్‌లో పరీక్షలైపోయి ఖలందర్ చెప్పి పోవడానికి వచ్చాడు. బళ్ళారిలో ఏదో కొలువు దొరికిందట. నేను కొళాయి దగ్గర ఉన్నాను. వాడు నా దగ్గరికి రాకుండా నేరుగా పాత గోలు దగ్గరికి నడిచాడు. వల లేదు. బంతి లేదు. రెండు కర్రల మధ్య నిలబడి కింద చూసుకున్నాడు. పాదాల కింద మంచమంత పచ్చగా ఉంది.

చేతులు ముందుకు పెట్టుకున్నాడు. ఎవరూ కొట్టని బంతికి ఎడమవైపు ఒక్క దూకు దూకి నిలువునా పడ్డాడు. లేచాడు. ప్యాంటు పైకి మడిచి మోకాళ్ళు చూసుకున్నాడు. కుట్ల మచ్చ ఉంది. కొత్తగా గీత లేదు.

"ల్యా మామా!" అని అక్కడి నుంచే అరిచాడు. "ఒక్క గీత ల్యా!"

పోయిన నెల నేను రిటైరయ్యాను. సన్మానంలో శాలువా కప్పి, సంప్రదాయం ఎలా పుట్టిందో నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. మైకు తిరిగి ఇచ్చేశాను. వాళ్ళ సావనీరులో సుంకమ్మ పేరు లేదు. రాళ్ళ మీద లేదు. ఇక్కడ రాశాను, చాలు. దీని గురించి ఇక ఎవరితోనూ మాట్లాడను. అడగొద్దు.